సీసాలోని నక్షత్ర చేప

బొగ్గుబావిలో బొగ్గు మోసే రెండు ఇనుప టబ్బుల మధ్య ఇరుక్కుని మా అన్న కుడిచెయ్యి మోచేతి కింద తెగిపోయింది. బెల్లంపల్లిలో కుట్లు వేశారు గానీ పుండు మానలేదు. కరీంనగర్ పెద్ద దవాఖానాలో చూపించుకోవడానికి వచ్చి, నా కిరాయి గదిలో ఉన్నాడు. నేనప్పుడు బీయస్సీ చదువుతున్నాను.

అన్న ఏడవలేదు. ఎవరినీ తిట్టలేదు. అన్నం కలిపి పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నాకూ ఏమీ అనిపించేది కాదు. దవాఖాన, కాలేజీ, వంట. అంతే.

జంతుశాస్త్రం పరీక్ష దగ్గరపడింది. నాకు పైకి చదివితే తప్ప ఎక్కదు. ఒక సాయంత్రం కుందేలుకూ నక్షత్ర చేపకూ ఉన్న తేడాలు ఇంగ్లీషులో వల్లె వేస్తుంటే, గోడకు ఆనుకుని కూర్చున్న అన్న నోరు విప్పాడు.

“గదేందో తెలుగుల చెప్పు తమ్మీ.”

చెప్పాను. కుందేలుకు వెన్నెముక ఉంటుంది, తలలో మెదడు ఉంటుంది, ఎర్రటి నెత్తురు ఉంటుంది. సముద్రంలో బతికే నక్షత్ర చేపకు వెన్నెముకా లేదు, తలా లేదు. నెత్తురుకు బదులు ఒంట్లో నీళ్లే తిరుగుతాయి. ఐదు చేతులుంటాయి, ఒకటి తెగితే మళ్లీ మొలుస్తుంది. ఆ మాట అన్నాకగానీ ఎవరితో అంటున్నానో గుర్తుకు రాలేదు.

“కుందేలుకు?”

“మొలువదు.”

“నువ్వు చూసినవా దాన్ని?”

“కాలేజీల సీసాల ఉన్నది.”

“రేపు చూపెట్టు.”

మర్నాడు దవాఖాన నుంచి నేరుగా తీసుకెళ్లాను. ల్యాబు అటెండరు అన్న కట్టువంక చూసి, సీసా బల్ల మీద పెట్టాడు. మందునీళ్లలో తెల్లగా పాలిపోయిన నక్షత్ర చేప. నాలుగు చేతులు పెద్దవి, ఐదోది బొటనవేలంత.

అన్న ఎడమచేత్తో సీసాను మెల్లగా తిప్పాడు.

“గీ చిన్నది మొలుస్తున్నదేనా?”

“ఔ అన్నా.”

“మొలుస్తుండంగనే పట్టుకొచ్చిండ్రన్నట్టు.” కాసేపు చూశాడు. “పా. ఆకలైతుంది.”

బస్టాండు దగ్గరి హోటల్లో పూరీలు చెప్పాం. ఒంటిచేత్తో తుంచబోతే పళ్లెం జారింది. నేను చెయ్యి చాపాను.

“ఉండు,” అన్నాడు.

కట్టు కట్టిన మోచేతితో పళ్లెం అంచు నొక్కిపట్టి, తానే తుంచుకున్నాడు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దెబ్బ తగిలినప్పటి నుంచి అతని కళ్లు తడవడం నేను అంతవరకూ చూడలేదు. తలవంచుకుని తిన్నాను.

పుండు మానాక అన్నకు బావి పైన, దీపాలిచ్చే గదిలో పని ఇచ్చారు. దిగేవాళ్లకు దీపాలందిస్తూ చాలా ఏళ్లు చేశాడు. అన్న ఇంటికొచ్చినప్పుడల్లా మా అమ్మ అలవాటుకొద్దీ నీళ్ల చెంబు అతని కుడిపక్కనే పెట్టేది. అతను ఎడమపక్కకు జరుపుకునేవాడు.