మామిడి వాసన వేసిన మందు

ఆ సంత రోజు ఉదయం మందిచ్చే గదిలో ఉన్నవి: తాళం వేసిన బీరువా, కొలత గ్లాసు, రిజిస్టరు, కొత్త సరుకులో వచ్చిన మెథడోన్ సిరప్ సీసా. ఉన్నవాళ్లు: ఫార్మసిస్టుగా నేను, నర్సు, కాఫీ తోట ఉన్న ఒక పెద్దాయన, ఆయన భార్య.

మిరియాలు కోస్తూ పెద్దాయన, ఆ తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టు మీంచి పడ్డాడు. నడుం నొప్పికని మొదలైన మత్తు సూదులు మూడేళ్లు వదల్లేదు. ఆ అలవాటు మాన్పించే మెథడోన్ మొదలయ్యాక రోజూ మా ఎదుటే పన్నెండు మిల్లీలీటర్లు తాగి, తిన్నగా తోటకు వెళ్లేవాడు. అలాంటిది తోట పనిలో పడి రెండు రోజులు రాలేదు. మూడో రోజూ తప్పితే మోతాదు మళ్లీ అడుగు నుంచి పెంచుకుంటూ రావాలి. ఆలోపు మత్తు అందని బాధ ఆయన్ని సూది దగ్గరికే లాక్కుపోతుంది. అప్పటికే ముక్కు కారుతోంది, ఆవులింతలు ఆగడం లేదు.

"నాను తాగను బాబూ. మావిడి పండు వాసనొత్తంది. ఊల్లో ఇంకా మావిడి కొత్త సెయ్యలేదు."

కొత్త మామిడిని అమ్మవారికి పెట్టేదాకా ఆ ఊళ్లో ఎవరూ నోట పెట్టరు. సీసా మీది పదార్థాలన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించాను. పండు లేదు, పండు వాసన కలిపారంతే అన్నాను.

"వాసన పండుది కాదేటి?"

"ఆ సూదికి ఏ పండగ సేసి పొడిపించుకున్నావు?" అంది భార్య.

నర్సు నవ్వింది. ఆయన నవ్వలేదు, లేచాడు. భార్య ఆయన్ని భుజం పట్టి కూర్చోబెట్టి, సంతలోకి వెళ్లి తమ ఊరి పూజారిని వెంటబెట్టుకొచ్చింది. పూజారి సీసా వాసన చూశాడు.

"మావిడే. ముందు తల్లికి కాసింత ఎట్టేసి, బేగి తాగీ."

చుక్క చుక్కకీ లెక్క చెప్పాల్సిన మందు అది. పారబోస్తే కారణం రాసి ఇద్దరం సంతకం పెట్టాలి. ఇలాంటి కారణం నాకు చెప్పిన పాఠాల్లో లేదు. నర్సు వైపు చూశాను. ఆమె అప్పటికే పెన్ను మూత తీసింది.

కొలిచి ఇచ్చిన కాస్త మందును పూజారి గుమ్మం బయట మట్టిలో పోసి మొక్కాడు. పెద్దాయన తన మోతాదు తాగి, మింగేశానని నోరు తెరిచి చూపించాడు.

రిజిస్టరులో రాసి ఇద్దరం సంతకం పెట్టాం: తాగినది పన్నెండు మిల్లీలీటర్లు. అమ్మవారికి ఒకటి.