బాపు చదివిన ఎనిమిది అట్టలు

దయ్యాలను నమ్మేంత తీరిక మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు జకార్డు అట్టలు కొట్టేవాడు, అవ్వా నేనూ బీడీలు చుట్టేవాళ్లం. షోలాపూర్‌లో నేతవాళ్ల పేట అయిన మా నీలం నగర్‌లో ఎవరికైనా పూనకం వచ్చిందంటే "పొద్దుగాల్నే పనికి పోతే అదే దిగుతది" అనేది అవ్వ. నేనూ ఆమె బిడ్డనే. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు తటపటాయించాను.

అట్టల సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. షోలాపూర్ చద్దరు మీద నెమలి రావాలంటే, ఏ దారం లేవాలో ఏది లేవకూడదో సాంచకు, అంటే మరమగ్గానికి, ఎవరో చెప్పాలి. ఆ చెప్పేవే రంధ్రాల అట్టలు. ఒక్కో అట్ట బొమ్మలో ఒక్కో వరుస. గళ్ల కాగితం చూసి ఒకరు "మూడు కొట్టు, రెండు ఇడువు" అని చదువుతుంటే ఇంకొకరు రంధ్రాలు కొడతారు. మా ఇంట్లో బాపు చదివేవాడు, అన్న రాజేశం కొట్టేవాడు.

అన్నది ఎడమచేతి వాటం. పరధ్యానంలో అట్టను తిప్పి పట్టేవాడు. ఒకసారి అలా కొట్టిన అట్టలతోనే నేతంతా అయిపోయింది. నడిమి పువ్వు వైపు చూడాల్సిన నెమళ్లన్నీ అంచు వైపు చూశాయి. కార్ఖానాలో అందరి ముందూ బాపు నోరు జారాడు. "పిట్ట ముఖం ఎటో తెల్వనోనికి ఇల్లెటో ఏం తెలుస్తది?"

మర్నాడు అన్న కుంఠా నాకా దగ్గర బస్సెక్కుతుంటే చూశామని ఎవరో చెప్పారు. మళ్లీ కబురు లేదు. అప్పటికి తను సొంతంగా గీసుకున్న ఒక కొత్త నెమలికి అట్టలు కొడుతున్నాడు. ఆ గళ్ల కాగితం బాపుకు ఎప్పుడూ చూపించలేదు, వెళ్తూ తనతోనే తీసుకుపోయాడు. మెడ దాకా వచ్చిన అట్టల దండ అటక మీద ఉండిపోయింది. దాన్ని అవ్వ ఎవరినీ ముట్టనివ్వలేదు.

పన్నెండేళ్లు కబురు లేనివాళ్లకు దర్భబొమ్మ చేసి కర్మ జరిపించడం మాలో ఆచారం. అన్న వెళ్లి పన్నెండేళ్లు నిండాయని కులపెద్దలు వచ్చి గుర్తుచేశారు. బాపు సరేనన్నాడు. బుధవారం అనుకున్నారు. ఆ రోజు నుంచి అవ్వ ఆయనతో మాట్లాడటం మానేసింది.

ఆ ముందు ఆదివారం జరిగిందిది.

అప్పట్లో ఒక హిందీ సీరియల్‌కు పెద్ద అవార్డు వచ్చిందని దాన్ని ఆదివారం పొద్దున మళ్లీ వేస్తున్నారు. చనిపోయిన మిత్రుడి జ్ఞాపకాలను ఒక శాస్త్రవేత్త కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. కొన్నాళ్లకు ఆ యంత్రం తనకు ఎవరూ చెప్పని సంగతులు కూడా చెప్పడం మొదలుపెడుతుంది. అది చూసి శాస్త్రవేత్తకు తన బుద్ధి మీదే అనుమానం పుడుతుంది. పక్కింటి లక్ష్మి వదిన వాళ్ల టీవీలో నేను దాన్ని ఒక్క వారం కూడా వదల్లేదు. ఆ రోజు వాకిట్లో దిగులుగా కూర్చున్న బాపును కూడా వదిన పిలిచింది. "రా మామా, మిషన్ల కథ. నీ అసొంటోళ్లకే సమజైతది."

పాతకాలపు కంప్యూటర్లకూ మా సాంచల్లాగే రంధ్రాల అట్టలే ఉండేవి. ఆ వారం శాస్త్రవేత్త, యంత్రం తనంతట తాను కొట్టుకున్న అట్టలను ఒక్కొక్కటే దీపానికి అడ్డం పెట్టి చూస్తున్నాడు. గుండ్రటి రంధ్రాల్లోంచి వెలుతురు వస్తోంది. నా పక్కన బాపు గొంతు వినిపించింది. "నాలుగు కొట్టు, ఒకటి ఇడువు, రెండు కొట్టు..." అన్న వెళ్లిపోయాక బాపు చదివేది రాసిపెట్టే పని నాదే. కిటికీలో పెన్సిల్ ఉంది, కాలెండరు కాగితం వెనక చెయ్యి దానంతట అదే రాసుకుపోయింది. మొత్తం ఎనిమిది అట్టలు.

"అట్ట తిప్పి కొట్టిండు. ఇది మనోని చెయ్యే, బిడ్డా" అన్నాడు బాపు.

ఇంటికొచ్చి అటక మీది దండ దింపాడు. అవ్వ అడ్డుపడలేదు. నేను చదివాను, ఆయన ఎనిమిది అట్టలు కొట్టి దండ చివర కుట్టాడు. మర్నాడు కార్ఖానా సేటును బతిమాలి ఒక సాంచ ఖాళీ చేయించుకుని నేశాడు. పాత వరుసకూ కొత్త వరుసకూ ఒక్క దారం తేడా రాలేదు. మెడ పైన నెమలికి కన్ను వచ్చింది. అక్కడికి అట్టలు అయిపోయాయి. తలపై తురాయి రాలేదు. పిట్ట అంచు వైపే చూస్తోంది.

అవ్వ ఆ కన్ను మీద వేలు పెట్టింది. పన్నెండేళ్లుగా ఏడ్చిన మనిషి ఆ రోజు ఏడవలేదు. "కండ్లు తెరిసి సూస్తుండు. సూసేటోనికి పిండం పెడ్తరా?" అంది. బుధవారం రావద్దని బాపు కర్మ చేయించే అయ్యగారికి కబురు పంపాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. రెండు వారాలకు వదిన భర్త, ఆ భాగాన్ని క్యాసెట్‌లో పట్టానని మాకు వేసి చూపించాడు. శాస్త్రవేత్త దీపం దగ్గరకు ఒకే ఒక్క అట్ట ఎత్తాడు. ఆ దృశ్యం రెప్పపాటు కూడా లేదు. అది ఉత్త అట్ట, దాని మీద ఒక్క రంధ్రం లేదు. ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు తిప్పినా అంతే.

"ఆ పొద్దు గూడ నేను గిదే సూసిన పిల్లా. మామ ఏందో గొణుక్కుంటుండె, నువ్వు రాసుకుంటుంటివి" అంది వదిన.

మనసులోని అపరాధం బాపు చేత చదివించిందని అనుకుందాం. చూడని కాగితంలోని నెమలి కన్ను దారం తప్పకుండా ఎలా కుదిరింది? అన్నను తిట్టింది నేను కాదే, నాకూ ఆ ఎనిమిది అట్టలు ఎందుకు కనిపించాయి? సీరియల్ చివర శాస్త్రవేత్తకు ఏదో కారణం దొరికింది. నాకు ఇప్పటికీ దొరకలేదు.

అన్న రాలేదు. బాపూ అవ్వా ఇద్దరూ పోయారు. ఇప్పుడైనా కర్మ జరిపించమని బంధువులు అన్నప్పుడల్లా పెట్టెలోంచి ఆ చద్దరు తీసి చూసి, వద్దంటాను. దయ్యాలు లేవని ఈ రోజుకీ అంటాను.

చివరి రోజుల్లో బాపు ఆ చద్దరే కప్పుకునేవాడు. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరకు పిలిచి అడిగాడు. "వానికి ఇల్లెటో యాదుంటదా, బిడ్డా?"