ఎండకు పోయిన మల్లె

ఈ ఎండాకాలం మా కోడలు పెరటి తోటను కొత్తగా దిద్దించాలని పూనుకుని, తోటలు వేసే మనిషినొకర్ని ఇంటికి పిలిపించింది. తోట అన్నానని పెద్దగా ఊహించుకోకండి, వంటింటి వెనక ప్రహరీగోడ దాకా నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే జాగా. ఆ పెద్దమనిషి టేపుతో కొలిచి, ఫోనులో బొమ్మ గీసి చూపించాడు: ఇక్కడ పచ్చగడ్డి, అక్కడ వరుసగా కుండీలు, గోడకు నిలువునా పాకే తీగలు, ప్రతి కుండీకి సన్నటి గొట్టంలోంచి బొట్టుబొట్టుగా నీళ్లు. బాగానే ఉంది, కాదనను. కానీ ఎండలు ముదిరాయి కదా, మొక్కలు నాటుకునేదాకా మొదళ్లకు తడి గోనెసంచులు కప్పాలంటూ అతను బండిలోంచి ఒక కట్ట దించేసరికి, నేను లేచి వెళ్లి పైసంచి కొసను నాలుకకు ఆనించి చూశాను. కోడలు బిత్తరపోయింది. ఆ మనిషి నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ ముసలమ్మ గోనెసంచి నాకి చూస్తుంటే నవ్వడంలో అతని తప్పేమీ లేదు.

ఏదో పాత అలవాటులే అని తప్పించుకున్నాను గానీ, ఆ అలవాటు ఎలా వచ్చిందో మా పిల్లలకు ఇంతవరకు చెప్పలేదు. తెలిసినవాళ్లు మా ఆయన, మా అత్తమ్మ, ఇద్దరూ ఇప్పుడు లేరు. మీరైతే నా ఈడువాళ్లు, అత్తగారి చేతికింద కాపురం నేర్చుకున్నవాళ్లు, మీతో చెప్పుకుంటే నాకు కాస్త బరువు తగ్గుతుంది.

నేను పుట్టి పెరిగింది చింతకిలో. మా నాయనది వ్యవసాయం, బావి కింద పది నిమ్మచెట్లు, మిగతాదంతా వానను నమ్ముకున్న చేను. పెళ్లయి బీదర్ వచ్చేసరికి అత్తవారిల్లు మరో లోకంలా తోచింది. మా మామ పొలాన్ని తమ్ముళ్లకు వదిలేసి పడుచుతనంలోనే పట్నం చేరి, గంజ్ బజారులో బెల్లం, పల్లీలు, మిరపకాయలు, ఉప్పు టోకున అమ్మే దుకాణం పెట్టుకున్నవాడు. ఇంట్లో తెలుగు, దుకాణంలో ఉర్దూ, కచేరీ కాగితం ఏదైనా వస్తే కన్నడం, ఇలా మూడు భాషల్లో నడిచే ఇల్లు అది. అందులో నాకు కాస్త పరిచయమున్నట్టు కనిపించింది ఒక్క పెరడే, ఎందుకంటే అక్కడ మట్టి ఉంది.

ఆ పెరడు అత్తమ్మది. నేనంటే ఇష్టం లేక కాదు గానీ ఆమె ఏ పనీ ఒక పట్టాన ఇంకొకరికి అప్పగించే మనిషి కాదు. రెండేళ్లు గడిచినా తొక్కుల జాడీల మీద నా చెయ్యి పడనివ్వలేదు. తోట సంగతి చెప్పనే అక్కర్లేదు. మైదాకు పక్కన పుదీనా, పుదీనా మీదికి ఒరిగిన కనకాంబరం, స్నానాల బండ కింద కరివేపాకు, తోవకు అడ్డంగా నందివర్ధనం, ఎక్కడ పడితే అక్కడ మొక్కలు. వాటి మధ్య కాలు పెట్టడానికి ఆమెకొక్కతికే దారి తెలుసు. నాకేమో చూసినప్పుడల్లా చేతులు దురద పెట్టేవి. దుకాణం వాళ్లకు మొక్కల సంగతి ఏం తెలుసు, నా చేతికిస్తే నెల రోజుల్లో చూపిస్తాను కదా అని లోలోపల తెగ మిడిసిపడేదాన్ని.

తోటకంతటికీ పెద్దదిక్కు గోడవార మల్లె. ముద్దగా, బటాణీలంత మొగ్గలు వేసే గుండుమల్లె. అత్తమ్మ బగ్దల్‌లోని తన తల్లిగారింటి పెరట్లోంచి అంటు తెచ్చి పెట్టుకున్నదట. తల్లీ తండ్రీ పోయాక అన్నదమ్ములు ఆ ఇల్లు అమ్మేసుకున్నారు, కొన్నవాళ్లు పెరడంతా చదును చేసి రేకుల షెడ్డు వేశారు. కాబట్టి అత్తమ్మకు పుట్టింటిది అని చెప్పుకోవడానికి ఈ భూమ్మీద మిగిలింది ఆ మల్లె ఒక్కటే. ఈ సంగతి ఆమె ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు. సాయంత్రాలు మొగ్గలు కోసుకొచ్చి గడపలో కూర్చుని దండ కడుతూ, తన తల్లి ఎలా కట్టేదో, ఎంత దగ్గరగా ముడి వేసేదో అడక్కుండానే చెబుతుంటే అర్థమైంది.

మూడో ఎండాకాలం హుమ్నాబాద్‌లో ఉన్న మా ఆడబిడ్డకు రెండో కాన్పు వచ్చింది. అక్కడ పెద్దవాళ్లెవరూ లేక అత్తమ్మే రెండు నెలలు వెళ్లి ఉండాల్సి వచ్చింది. బస్సుకు టైమవుతున్నా మల్లె దగ్గరే నిలబడింది.

"మొక్కలు నీ మీద ఇడిసిపెట్టి పోతున్న బిడ్డా. తక్కినయి ఎట్లున్న సరే, మల్లెకు మాత్రం దినాం రెండు బిందెలు పొయ్యాలె" అన్నది.

ఆమె నన్ను నమ్మి అప్పగించిన మొదటి పని అది. నా సంతోషం చెప్పలేను. ఆమె తిరిగి వచ్చేసరికి తోటను అద్దంలా చేసి, రైతుబిడ్డ అనిపించుకోవాలని మరునాడే మొదలుపెట్టాను. ఎండ దిగాక, వేళ్ల మట్టి రాలకుండా గడ్డతో సహా పెకలించి కనకాంబరాలన్నీ ఒక వరుసకు తెచ్చాను, పుదీనాకు వేరే మడి కట్టాను, స్నానాల బండ నుంచి కాలువ తీసి ప్రతి మడికీ నీళ్లు వాటంతట అవే పారేలా చేశాను. మా ఆయన దుకాణం నుంచి వచ్చి, ఇది తోటనా చింతకి చేనా అని ఆటపట్టించినా, పార పట్టుకుని సాయం చేసేవాడు. మామ కూడా ఒకసారి వచ్చి చూసి, తల ఊపి వెళ్లాడు. నేనిక నేలమీద నడవలేదంటే నమ్మండి.

అంతలో రోహిణి ఎండలు పట్టుకున్నాయి. బీదర్ గుట్ట మీద ఉన్నందుకు సాయంత్రం గాలి చల్లగానే వీచేది గానీ, పగలు ఎర్రరాతి గోడలు కాలి సెగలు కక్కేవి. బావి తాడుకు రెండుసార్లు ముడి వేసి పొడుగు పెంచాం. పోసిన రెండు బిందెల నీళ్లూ చూస్తుండగానే ఆవిరయ్యేవి. మా నాయన నిమ్మచెట్ల మొదళ్లలో జొన్నచొప్ప పరిచి తడి నిలిపేవాడు. పట్నంలో చొప్ప ఎక్కడ తేను? దుకాణంలో పాత సంచులుంటే తెమ్మని మా ఆయనను అడిగాను.

గంజ్‌లో మంచి ఖాళీ సంచికి గిరాకీ ఉండేది, చిరుగులు కుట్టించి మళ్లీ వాడుకునేవారు. అందుకని ఆయన ఎవరికీ పనికిరాక గోడౌన్ మూలన పడి ఉన్నవాటిని చుట్టగా చుట్టి సైకిలు మీద వేసుకొచ్చాడు. బిర్రుగా, బరువుగా, కాస్త చెమ్మగా కూడా ఉన్నాయి. ఇంత ఎండలోనూ తడి పట్టి ఉంచాయంటే వీటిని మించినవి లేవని నేను సంబరపడ్డాను. అక్కడక్కడ తెల్లగా కనిపించింది గోడసున్నం అనుకున్నాను. తక్కిన మొక్కలకు ఇంట్లో ఉన్న పాతగుడ్డలు వేసి, సంచులన్నీ మల్లెకే దాచి, దాని మొదలు చుట్టూ నాలుగు పొరలు కప్పాను. పొద్దునా సాయంత్రం ఆ సంచుల మీదే బిందెలు వంపేదాన్ని.

వారం పది రోజులకు మల్లె ఆకుల అంచులు మాడాయి. ఎండ దెబ్బ అనుకుని ఇంకో బిందె పెంచాను. మొగ్గలు విచ్చకుండానే గోధుమరంగుకు తిరిగి రాలాయి. మధ్యాహ్నం కూడా పోశాను. నేను ఎంత చేస్తే అది అంత తొందరగా ఎండిపోతుంటే, దిష్టి తగిలిందేమోనని ఉట్టిపుణ్యానికి పక్కింటి ఆవిడను అనుమానించాను. ఒక మధ్యాహ్నం ఎవరిదో మేక పెరటి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. కర్ర తీసుకుని పరుగెత్తాను. పచ్చగా పుదీనా ఉంది, లేత కనకాంబరం ఉంది, వేటినీ ముట్టకుండా అది మల్లె మొదట్లో నిలబడి కళ్లు మూసుకుని సంచులను నాకుతున్నది.

పశువుల మధ్య పెరిగినదాన్ని, మేక ఏం వెతుక్కుంటూ వచ్చిందో నాకు ఒకరు చెప్పాలా. సంచి మీద వేలు రాసి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు. అవి దొడ్డుప్పు దిగుమతి అయిన బస్తాలు, అందుకే వాటిని ఎవరూ కొనలేదు, అందుకే చెమ్మగా ఉన్నాయి. దుకాణం ఇంట్లో పుట్టిన పసిపిల్లను అడిగినా ఆ సంచులను చూస్తూనే చెప్పి ఉండేది. మా ఆయనకు అవి ఉప్పు బస్తాలని తెలుసు గానీ, ఉప్పు మొక్కను చంపుతుందని తెలియదు. ఇరవై రోజులుగా నా చేతులతో నేనే పూటపూటా ఉప్పునీళ్లు కలిపి ఆ మల్లెకు పోశాను.

ఆ సాయంత్రమంతా బావిలో బురద వచ్చేదాకా తోడి పోశాను, ఉప్పు కడుక్కుపోతుందేమోనని. కొమ్మ గిల్లి చూస్తే లోపల పచ్చదనం లేదు. మా ఆయన తల పట్టుకున్నాడు. సంచులు తెచ్చింది తను గదా, ఆయనకూ భయమే.

"అమ్మకు చెప్పకు. ఎండకు పోయిందంటే సరిపాయె. ఊర్ల ఎన్ని చెట్లు ఎండుతలేవు?" అన్నాడు.

వద్దని నేను అనలేదు. సంచులను ఆయన చీకటి పడ్డాక ఊరవతల పారేసి వచ్చాడు.

అత్తమ్మ వచ్చిన రోజు సంచి కూడా కింద పెట్టకుండా నేరుగా పెరట్లోకి నడిచింది. వరుసలు, మడులు, కాలువ, వేటినీ చూడలేదు. ఎండిన మల్లె ముందు కూర్చుని మొదట్లోని మట్టిని వేళ్లతో నలిపింది. పైన తెల్లగా పొక్కు కట్టి ఉంది. చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకున్నది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆమె తల తిప్పి నా వైపు ఒక్కసారి చూసింది, లేచి కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది. రాత్రి భోజనాల దగ్గర మామ, మల్లె ఏమాయె అని అడిగాడు.

"ఈసారి ఎండలు జోరుగున్నయి. ఎండకు పోయింది" అన్నది అత్తమ్మ, ఆయన కంచంలో అన్నం వడ్డిస్తూ.

అంతే. వానలు పడ్డాక ఆమె ఆ మట్టంతా తవ్వి తీయించింది, కొత్త మట్టి పోయించింది, నేను దిద్దిన వరుసలను మాత్రం అలాగే ఉంచింది. ఆ గోడవార మళ్లీ మల్లె పెట్టలేదు. పూలు కావాలంటే బజారులో మూరల లెక్కన కొనుక్కునేవాళ్లం. కొన్నది కట్టిన దండే గనక సాయంత్రాలు గడపలో కూర్చుని కట్టే పని ఆమెకు లేకుండా పోయింది. ఆమె నాకు రెండు పురుళ్లు పోసింది, తొక్కుల జాడీలు అప్పగించింది, నలుగురిలో నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె మంచిగా ఉన్నకొద్దీ నాకు చెప్పడం ఇంకా కష్టమైంది.

పాతికేళ్లు అలాగే దొర్లిపోయాయి. మామ పోయాక, ఒక ఎండాకాలం ఇద్దరం కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. అత్తమ్మకు చూపు తగ్గింది, చేతుల గుర్తుతోనే పని చేసేది. ఎందుకు అప్పుడే నోరు పెగిలిందో తెలియదు, అత్తమ్మా ఆ మల్లె నా వల్ల పోయింది, ఉప్పు బస్తాలు కప్పిన అని చెప్పేశాను.

"ఆ దినమే ఎరుక నాకు" అన్నది, తల ఎత్తకుండా.

"మరి మామకు ఎండకు పోయిందని ఎందుకు చెప్పినవ్?"

"ఎండ మీది కోపమైతే వానలు పడంగనే పోతది. నీ మీద పెట్టుకుంటే ఎప్పటికి పోవాలె? ఇద్దరం ఒక్క ఇంట్ల బతకాలె గద బిడ్డా."

ఆమె ఇంకో చింతపండు అందుకున్నది. ఆ వానలకు కోపం నిజంగానే పోయిందా అత్తమ్మా అని అడగాల్సింది. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. తరువాత రెండేళ్లకు ఆమె వెళ్లిపోయింది. ఆ ఇల్లూ పోయింది, అక్కడిప్పుడు దుకాణాల వరుస ఉంది, మేం ఈ కాలనీకి వచ్చి చాలాకాలమైంది. ఉప్పు ప్లాస్టిక్ పొట్లాల్లో వస్తున్నది, గోనెసంచి నాకి చూడాల్సిన అవసరం నాకే కాదు, ఎవరికీ లేదు.

తోట పని మొదలైన నాలుగో రోజు, కోడలు నా దగ్గరికి వచ్చి ఎదురుగా నిలబడింది. అటక మీది రాగి గంగాళం, మా అమ్మ నాకు పెళ్లిలో ఇచ్చింది, దాన్ని పూలకుండీ చేద్దామని అడగకుండా అడుగున చిల్లులు కొట్టించిందట. కొట్టించాక తెలిసిందట అది ఎవరిదో. అత్తమ్మా, తప్పు చేసిన అని చెప్పింది. నేను చెడామడా తిట్టాను, నాకంత నోరుందని నాకే తెలియదు. ఆ పిల్ల ఏడ్చింది. మా అమ్మ గుర్తొచ్చి నేనూ ఏడ్చాను. ఆమె నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నది. దీపాలు పెట్టే వేళకు ఇద్దరం కలిసి టీ తాగాం.

ముఖం మీద చెప్పడాన్ని, ముఖం మీద తిట్టడాన్ని మా కాలంలో మర్యాద తెలియకపోవడం అనేవాళ్లం. నోరు మూసుకుని కాపురాలు నిలబెట్టామని గొప్పగా చెప్పుకున్నాం కూడా. ఇప్పుడు ఆ మాట అనాలంటే నాకు నోరు రావడం లేదు. ఆ రోజు నేను గుమ్మంలో నిలబడిపోకుండా వెళ్లి చెప్పి ఉంటే, అత్తమ్మ నన్ను నాలుగు మాటలని, తన తల్లిగారిల్లు తలచుకుని నా ముందే ఏడ్చి ఉండేది, నేను పక్కన కూర్చునేదాన్ని. నేను చెప్పలేదు గనక ఆమె కాళ్లు కడుక్కుని వచ్చి అందరికీ అన్నం వడ్డించింది.