నౌకాదళానికి గద్వాల అంచు

శంకరయ్య సముద్రం చూడలేదు. అతను చూసిన పెద్ద నీళ్లంటే జూరాల ప్రాజెక్టువే. అవి కూడా గేట్లెత్తిన రోజు జనం భుజాల సందుల్లోంచి చూశాడు. అలాంటి మనిషి చేతిలో ఐదు దేశాల నౌకాదళాల పరువు పడుతుందని ఎవరైనా అంటే గద్వాల ఊరంతా నవ్వేది. కానీ పడింది. శంకరయ్య దాన్ని చీర పడుగులాగే మగ్గానికి ఎక్కించాడు.

కోట వెనక సందులో అతని ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వదిలి శంకరయ్య కూర్చుంటాడు. పక్కన పీట మీద భార్య బాలమణి. గద్వాల చీర ఒక్క మనిషితో తెగే పని కాదు. నడుమంతా నూలు, అంచు పట్టు. ఆయన నడిమి పోగు చుట్టిన నాడె విసిరితే ఆమె అంచు పోగు నాడె అందించాలి. అందుకే ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకోని రోజున చీర జానెడు కూడా సాగదు.

రెండువేల ఏడు వచ్చేసరికి మాట్లాడుకున్న రోజుల్లో కూడా సాగడం లేదు. మిల్లులో నేసిన చీరల మీద గద్వాల పేరు ముద్రకొట్టి అమ్ముతున్నారు. షావుకారు నూలు ఇవ్వడం తగ్గించాడు. వనపర్తిలో పాలిటెక్నిక్ సగంలో వదిలేసి వచ్చిన కొడుకు విజయ్‌కి ఆ గుంట చూస్తే ఒళ్లు మంట. దాన్ని పూడ్చి, పైన బండలు పరిచి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాలని వాడి పట్టు. అయిజ నుంచి యేసయ్య మేస్త్రీని పిలిపించి కొలతలు కూడా తీయించాడు.

"మగ్గం పీకితె నేనేడ కూసోవాలెరా?" అన్నాడు శంకరయ్య.

"కౌంటర్ కాడ కూసో నాయినా. కుర్చేస్త. గిరగిర తిరిగే కుర్చీ."

"తిరిగి తిరిగి ఏం జూడాలె? నీ మొకమేనా?"

చివరకు ఒక ఒప్పందానికి వచ్చారు. దసరా లోపల మగ్గానికి పని దొరక్కపోతే గుంట విజయ్‌ది.

అదిగో అప్పుడే ఎదురింటి సుల్తానాబీ కొడుకు అజీజ్ సెలవు మీద వచ్చాడు. అతను గల్ఫ్‌లో ఒక నౌకా స్థావరంలో పని చేస్తాడు. వచ్చిన రోజే శంకరయ్య గడప మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

"నేను కొత్తగ పోయినప్పుడు ఒక్క గట్టు, రెండు రేకుల షెడ్లుండె మామా. ఇప్పుడు సముద్రంలనే మట్టి వోసి నేల జేసిండ్రు. మన గద్వాలంత అయింది. ఐదు దేశాల ఓడలు ఆడనే ఆగుతయ్. ఒకలు డీజిల్ వోస్తరు, ఒకలు రిపేర్లు జేస్తరు, ఒకలు దవాఖాన నడిపిస్తరు."

"కొట్లాట ఎవలితోని?"

"ఎవలితోని లేదు. నూనె ఓడలను దొంగలు వట్టకుండ కావలి."

"కావలికి ఐదు దేశాలెందుకురా?"

"ఒకలు కునుకు దీస్తె ఇంకొకలు లేపెతందుకు."

అజీజ్ పని పొద్దున్నే ఐదు జెండాలు ఎక్కించడం, పొద్దుగూకగానే దించడం. ఉప్పుగాలికి ఆ నైలాన్ జెండాలు పేలికలవుతున్నాయి. "మా ఊరి గుడ్డ చిరగదు సాబ్" అని సామాన్ల ఆఫీసర్ దగ్గర అజీజ్ కోతలు కోశాడు. అయితే నేయించుకు రమ్మని ఆయన ఐదు జెండాల రంగుల బొమ్మలు చేతిలో పెట్టాడు.

శంకరయ్య బొమ్మల్లో ఉన్నట్టే రంగుల నూలు సిద్ధం చేసుకున్నాడు. చందమామలు, చుక్కలు కత్తిరించి కుట్టే పని సుల్తానాబీ తీసుకుంది. నేత మొదలుపెట్టబోతుంటే ఒక్క అనుమానం వచ్చింది.

"బొమ్మల అంచు లేదే" అన్నాడు.

బాలమణి ఉలిక్కిపడింది. "అంచు లేని గుడ్డ పీనుగ మీద కప్పుతరు. అది మన మగ్గం మీద నేస్తవా? పండుగ ముంగట?"

"బొమ్మ గీసినోడు యాది మరిచిండేమో."

"మరుస్తడు. వాని ఇంట్ల ఆడోళ్లు లేరు గావొచ్చు."

అలా ఐదు దేశాల జెండాలకూ ఎర్రపట్టు మీద జరీ కోటకొమ్మలతో అంచు వచ్చింది. అజీజ్ విప్పి చూసుకుని మురిసిపోయాడే తప్ప తప్పేమీ కనిపించలేదు. గద్వాలలో పుట్టినవాడి కంటికి అంచు ఉండటం తప్పెలా అవుతుంది?

అజీజ్ వాటితో వెళ్లిన పది రోజులకు ఫోన్ వచ్చింది. శంకరయ్య చెవికి ఆనించుకుని, అవతలివాళ్లు సముద్రం అంత దూరంలో ఉన్నారు కాబట్టి గట్టిగా అరిచాడు.

"చినిగినయా?"

"చినుగలే మామా! జెండాలు ఎక్కిచ్చినంక ఐదుగురు పెద్ద సాబ్‌లు దుర్భిణిలు వెట్టి సూసిండ్రు. అంచేందని ఒక్కలు గూడ అడుగలే."

"ఎందుకడుగలే?"

"మిగతా నలుగురు మీటింగ్‌ల ఫైసల జేసుకున్నరు, నేనే ఆ పొద్దు నిద్రవోయిన అని ఒక్కొక్కలు అనుకున్నరు. అడిగితె ఇజ్జత్ పోతదిగద!"

అడగకపోవడంతో అది రివాజయింది. రివాజయ్యాక నియమమయింది. ఆ నెలలో ఒక స్నేహ దేశం ఓడ చుట్టపుచూపుగా వస్తే, జెండాకు అంచు లేదని కాపలావాళ్లు బయటే ఆపేశారు. ఆ ఓడ అక్కడే లంగరేసుకుని అంచు జెండా కోసం గద్వాల వైపు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఓడ ఓడకూ ఒక జెండా కావాలన్నారు. దసరా దాటింది, మగ్గం ఆడుతూనే ఉంది. విజయ్ దుకాణం మాట ఎత్తలేదు గానీ, గుంట చుట్టూ తిరిగినప్పుడల్లా అడుగులతో కొలిచేవాడు.

వేసవిలో గొడవ వచ్చింది. స్థావరంలో మంచినీళ్ల నల్లా దగ్గరి చోటు ఏ దేశం ఓడకని తగువు. వీధి కుళాయి దగ్గర బిందెలకు జరిగే తగువే, కాకపోతే ఇక్కడ బిందెలకు ఫిరంగులున్నాయి. రెండు పట్టీల జెండా దేశం అలిగి, కూటమిలోంచి పోతానంది. పొయ్యేవాళ్లకు వాళ్ల జెండాను మర్యాదగా అప్పగించాలి. కానీ అంచు కూటమి వాళ్లది కదా, అది తీసేసి ఇవ్వాలి.

ఆ జెండా పట్టుకుని తెల్ల యూనిఫాంలో సామాన్ల ఆఫీసరే గద్వాల దిగాడు. వెంట అజీజ్. మగ్గం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆయన చాలాసేపు మాట్లాడాడు. అజీజ్ దాన్ని పొట్టి చేసి చెప్పాడు.

"అంచు తియ్యాలెనట మామా. తియ్యకుంటె ఆర్డర్లు బందట."

గుమ్మంలో నిలబడ్డ విజయ్ సెల్‌ఫోన్ బయటకు తీశాడు. "యేసయ్యకు ఫోన్ జెయ్యాల్నా నాయినా?"

శంకరయ్య మగ్గం పక్కనున్న పెట్టె తెరిచాడు. బ్లేడు అందుకున్నాడు.

"కొయ్యకు" అంది బాలమణి. "పోగుకు పోగు మెలేసి నేసినం. అంచు తీస్తె నడుమ నిలువది."

"జెండా నిలువకుంటె మానె, మగ్గం నిలువాలె" అని శంకరయ్య బ్లేడు ఆనించాడు.

అంచు విడిపోయింది. ఒక పోగు జారింది, దాని వెంట ఇంకోటి. ఆఫీసర్ కంగారుగా రెండు చేతులతో ఆపబోయాడు. ఆయన పట్టుకున్న కొద్దీ జారాయి. కాసేపటికి ఒక దేశం ఆయన ఒళ్లో చిక్కుపడ్డ నూలు కుప్పయి కూర్చుంది. ఆయన ముఖం యూనిఫాం కంటే తెల్లగా అయింది.

"సాబ్ పరేషాన్‌ల ఉన్నడు మామా" అన్నాడు అజీజ్. "శుక్రారం అప్పగింత. జెండాను పోగులు జేసి ఇస్తె లడాయే అయితదట. అంచుదో, అంచు లేందో, ఏదో ఒకటి నేసియ్యమంటుండు."

మగ్గం మీద పడుగు ఉంది. అంచు పోగులతో సహా ఉంది, కాబట్టి అంచు వదిలేసి నేయడం కుదరదు. కానీ బాలమణి పీట మీద లేదు. వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

"ఏమే, జర రావే" అన్నాడు శంకరయ్య.

"కోసినోళ్లే నేసుకోండ్రి!"

ఆఫీసర్ తలుపు ముందు నిలబడి సెల్యూట్ కూడా చేశాడు. లోపలి నుంచి పోపు వాసన మాత్రం వచ్చింది. ఇక గతిలేక శంకరయ్య కొడుకు వైపు చూశాడు. విజయ్ తిట్టుకుంటూ పీట మీద కూర్చున్నాడు. వాడికి చిన్నప్పుడు నేర్పితే అబ్బలేదు. ఒకసారి పోగు బిగించాడు, ఒకసారి వదిలేశాడు. అంచు తాగినవాడి నడకలాగా అటూ ఇటూ పోయింది. శంకరయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆఫీసర్ మాత్రం దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కారెక్కాడు.

తర్వాత వారం పైగా ఫోన్ లేదు. వంకర అంచు పంపినందుకు ఆర్డర్లు పోయినట్టేనని శంకరయ్య తీర్మానించుకున్నాడు. మగ్గం తుడిచాడు, నాడెలు గుడ్డలో చుట్టాడు. బాలమణి తలుపు తీసింది గానీ పీట మీదికి రాలేదు.

ఆ మర్నాడు ఫోన్‌లో అజీజ్ గొంతు వినిపించింది.

"మామా, ఆ అలిగినోళ్లు పోలే! అందరివి సక్కటి అంచులు, మాకొక్కలకే అలల అంచు నేపిచ్చిండ్రు, మా మీద గింత మర్యాదుందా అని కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నరు. నల్లా కాడి జాగ గూడ ఇడిసిండ్రు. ఇప్పుడు మిగతా దేశాలు అలిగినయ్. అందరికి అలల అంచే కావాల్నట!"

శంకరయ్య ఆ రోజంతా వంకరగా నేయడానికి కష్టపడ్డాడు. చెయ్యి వినలేదు. కళ్లు మూసుకుని నేసినా గీత గీసినట్టే వచ్చింది. బాలమణి జాలిపడి వచ్చి కూర్చుంటే ఇంకా చక్కగా వచ్చింది. విజయ్ చూసి చూసి తండ్రిని పక్కకు జరిపి గుంటలో దిగాడు. తల్లి ఒక వైపు, తండ్రి ఒక వైపు, వద్దన్నా వాడి చెయ్యి దిద్దుతూనే ఉన్నారు. సాయంత్రానికి వాడి అంచు కూడా గీత గీసినట్టు చక్కబడిపోయింది. వాడు లేచి, కోపంగా ఎవరికో ఫోన్ చేసి బయటికి వెళ్లిపోయాడు.

పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో యేసయ్య మేస్త్రీ, చేతిలో పార. శంకరయ్య పోయి మగ్గానికి అడ్డంగా కూర్చున్నాడు.

"నీ గుంట ఎవడు పూడుస్తుండు, లే నాయినా" అన్నాడు విజయ్ వెనక నుంచి. "అన్నా, వెనుక గదిల ఇంకో గుంట తవ్వు. వీళ్లకు కనవడకుండ ఉండాలె. వీళ్లు పక్కన కూసుంటె నా పని ఖరాబైతుంది."