కబడ్డీ పిల్ల గుడ్లు, తల్లి క్రియాటినిన్

ముందే ఒప్పుకుంటాను, నా నోట్లోకి వెళ్లిన చీమ దున్నపోతై బయటికొస్తుంది. ఇరవై రెండేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ను. రక్తాన్ని చుక్క తేడా లేకుండా కొలిచి రాసేవాడు, కనీసం కబుర్లలోనైనా కొంచెం పెంచుకోకపోతే బతకడమెలా?

2024 ఏప్రిల్, మిర్యాలగూడ. ఎండకు మా సూదులకు కూడా చెమట పడుతోంది. నిడమనూరు దగ్గరి పల్లె నుంచి సైదమ్మ అనే కూలీ మనిషి, కూతురు శ్రావణిని రెక్క పట్టుకుని తెచ్చింది. పిల్ల కబడ్డీ ఆడుతుంది. పది రోజుల్లో సూర్యాపేటలో సెలక్షన్స్. కోచ్ చెప్పాడని రోజుకు ముప్పై గుడ్లు, రెండు కోళ్లు, బస్తాడు శనగలు లాగిస్తోంది. శ్రావణి కూర్చోగానే మా బెంచీ నాకేసి దీనంగా చూసింది.

"గిన్ని గుడ్లు తింటే కిడ్నీలు కరాబైతయంటున్నరు సారూ. నిజమైతే ఇయ్యాల్నే ఆట బంద్ పెట్టిస్త," అంది సైదమ్మ.

"ఊరోళ్లందరు డాక్టర్లేనా అవ్వా?" అంది శ్రావణి తల్లితో.

క్రియాటినిన్ చేశాను. కండరాల నుంచి రక్తంలోకి చేరే వ్యర్థం అది, కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. పేరుకుంటే వాటి పనిమీద అనుమానం. మా కాగితంలో ఆడవాళ్లకు హద్దు 0.6 నుంచి 1.1. శ్రావణిది 1.3. పిల్ల మొహం మాడిపోయింది.

సైదమ్మ మాత్రం మా మిషన్‌ను వడ్ల కాంటాను చూసినట్టు చూసింది. "దీని తూకం సక్కగున్నదా? నాకే రోగం లేదు. నాది గూడ పెట్టు, ఎంతొస్తదో సూద్దం," అని చెయ్యి చాపింది. మేం రోజూ పొద్దున ఫలితం ముందే తెలిసిన నమూనా ఒకటి పెట్టి మిషన్‌ను పరీక్షిస్తాం. దాన్ని కంట్రోల్ అంటాం. బడి గడప తొక్కని మనిషి అదే పద్ధతి అడిగేసరికి నాకు లేచి దండం పెట్టాలనిపించింది.

ఆమెది 0.4 వచ్చింది.

"సూసినవా, నాదెంత తక్కువున్నదో. పచ్చడి మెతుకులే మంచియి," అంది కూతురితో.

పక్క గదిలోని డాక్టరమ్మ రెండు కాగితాలూ చూసి శ్రావణిని ఆరా తీసింది. రాత్రి మటన్, పొద్దున పరుగు, నీళ్లు మాత్రం గుక్కెడు.

"మాంసం, కసరత్తు, ఒంట్ల కండ, నీళ్లు తాగకపోవుడు, అన్నీ ఈ అంకెను పెంచుతయి. రెండు రోజులాగి మళ్లీ చేద్దాం, మూత్రం గూడ. కిడ్నీ జబ్బున్నోళ్లు అడిగి తినాలె. మంచిగున్న పిల్ల, ఇంత ఆడేటిది, ఈ మాత్రం తింటే పాడైతయని ఎక్కడా తేలలేదు." తర్వాత తల్లివైపు తిరిగింది. "నీది తక్కువుండుడు గొప్ప కాదు సైదమ్మా. ఒంట్ల కండ లేక అట్లొచ్చింది. ఏం తింటున్నవ్ నువ్వు?"

సైదమ్మ జవాబిచ్చేలోపే శ్రావణి మెల్లగా అంది: "గుడ్లన్నీ నాకే పెడ్తది మేడం. నీకేదే అంటే తిన్న అంటది."

మూడో రోజు శ్రావణి అంకె 0.9కి దిగింది. కిడ్నీలు చెడితే కనబడే ప్రోటీన్ మూత్రంలో లేదు. "ఇగ ఆడుకో పో," అంది సైదమ్మ. నేను ఇంటి నుంచి తెచ్చిన ఉడికిన గుడ్డు సైదమ్మ చేతిలో పెడితే, అక్కడే వలిచి ఉప్పద్దుకుని తిన్నది.

అన్నేళ్లూ హద్దు దాటి పైకెక్కిన అంకెలకే ఎర్ర గీత గీశాను. కిందికి జారిన అంకె వెనక కూడా ఒక మనిషి ఉంటుందని ఆరోజే తెలిసింది. ఇప్పుడు అలాంటిదొస్తే కాగితం పక్కన పెట్టి ముందు మొహం చూస్తున్నాను.

ఇక నా కల్పన సంగతి. గుడ్లు ముప్పై కాదు, ఆరు. కోళ్లు, బస్తా కూడా అదే లెక్కన తగ్గించుకోండి. 0.4 నిజం. సైదమ్మ నా ఎదుట గుడ్డు తిన్నదనేది మాత్రం పచ్చి అబద్ధం. కొంగున ముడేసుకుని, "ఇంటికి పోయినంక తింట సారూ," అంది.