ఆవిడ కూచున్న స్టూలు

మా హెడ్ సిస్టరుగారు పోయారు. ఆదివారం చర్చికి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలిపోయారని దెందులూరు నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. ఏలూరులో మేం పనిచేసిన ప్రైవేటు ఆసుపత్రిలో ఆవిడంటే మా నర్సులందరికీ హడల్. జుట్టు ముడి కాస్త వదులైనా ఊరుకునేవారు కాదు. నవ్వకండి, ఫోన్ పెట్టేశాక నా చెయ్యి ముందు ముడి మీదికే పోయింది. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

తిడితే మామూలుగా తిట్టేవారు కాదు. మా కళ్లలో నీళ్లు తిరిగితే, "ఏడుపు ఇంటికెళ్లి ఏడవండమ్మా, ముందు ఆ సెలైన్ చూడండి" అనేవారు. కానీ ఆ తిట్లన్నీ స్టోర్ రూంలో, తలుపేసి. పేషెంట్ల ముందు మమ్మల్ని ఒక్క మాట అనేవారు కాదు, ఇంకొకర్ని అననిచ్చేవారూ కాదు.

మా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న నర్సు కూచోకూడదు. చూసినవాళ్లు పనిలేక కూచున్నారనుకుంటారట! వార్డులో ఉన్న ఒక్క స్టూలూ పేషెంట్ల తాలూకు వాళ్లకే. అప్పుడు నాకు ఏడో నెల. కొల్లేటి ఊళ్ల నుంచి జ్వరాల కేసులు వచ్చిపడుతున్నాయి. ఒకరోజు పొద్దుట్నుంచీ నిలబడి కాళ్లు పొంగిపోయాయి. ఆవిడే చూసి, "కాసేపు కూచోమ్మా" అన్నారు. కూచున్నానో లేదో, పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చారు. ఆసుపత్రి ఆయనదే.

"రేపట్నుంచి ఇంట్లోనే కూచో. రానక్కర్లేదు" అన్నారు, వార్డంతా వినేలా.

ఆకివీడులో చేపల లారీ నడిపే మా ఆయన పని లేక ఇంట్లో ఉన్న రోజులవి. నా జీతమే మాకు ఆధారం. గబుక్కున లేచి నిలబడ్డాను.

హెడ్ సిస్టరుగారు వచ్చి, ఆ స్టూలు మీద ఆయనకెదురుగా కూచున్నారు.

"నేనే కూచోమన్నానండీ. పంపితే నన్ను పంపేయండి. ఆ అమ్మాయి రేపు డ్యూటీకి వస్తుందండీ."

డాక్టరుగారి మొహం ఎర్రబడింది. ఆవిడ చూపు దించలేదు. చివరికి ఆయనే పక్క మంచం వైపు తిరిగి, "ఈయన టెంపరేచర్ ఎంత?" అనడిగారు. ఆవిడ కూచునే చెప్పారు. నా ఉద్యోగం నిలిచింది. అందుకు ఆవిడకి ఎప్పటికీ రుణపడే ఉంటాను.

ఆయన వార్డు దాటి వెళ్లినా ఆవిడ లేవలేదు. ఎంత ధైర్యం అనుకుంటూ దగ్గరికి వెళ్లాను.

"చెయ్యివ్వమ్మా" అన్నారు మెల్లగా. "కాళ్లు వణుకుతున్నాయి, లేవలేకపోతున్నాను."

చెయ్యి అందించాను. ఆవిడ అరచెయ్యి చల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది.