అబ్బాస్ కాఫీ మిషన్‌కు పట్టిన సున్నం

ఎల్లారెడ్డిలో ఎవరింటికి వెళ్లినా చాయే పోస్తారు. అలాంటి ఊళ్లో అన్వరి బేగం ఇంట్లోంచి మాత్రం 1989లో పొద్దున్నే కాఫీ వాసన రావడం మొదలైంది. దానికి కారకుడు ఆమె మొగుడు అబ్బాస్. అరబ్బు దేశంలో, దమ్మామ్‌లో ఒక కంపెనీ క్యాంపు వంటింట్లో పదకొండేళ్లు ఇటలీ ఇంజనీర్లకు కాఫీ కలిపి, ఇక చాలనుకుని ఇంటికొస్తూ, అక్కడి పెద్ద సాబు వాడి వదిలేసిన చిన్న ఎస్ప్రెస్సో కాఫీ మిషన్‌ను దుప్పట్లో చుట్టి తెచ్చుకున్నాడు. బంగారం తెస్తాడని కాచుక్కూర్చున్న చుట్టాలు ఆ ఇనుప డబ్బాను చూసి మొహాలు వేలాడేసుకున్నారు.

అన్వరి బాధ వేరు. మనిషి ఇంటికి వచ్చాడు గానీ ఇంట్లో కుదురుకోలేదు. ఈ పదకొండేళ్లలో ఆ ఇల్లు అతను లేకుండా నడవడం నేర్చేసుకుంది. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు, బోరు వేయించడం, పైన రేకులు మార్పించడం అన్నీ ఆమే చూసుకుంది. ఇప్పుడు అబ్బాస్ ఏ పనికి చేయి పెట్టబోయినా "మీరు కూసోండ్రి, నేను చేస్త" అనేది. గౌరవంగానే అనేది పాపం. ఆ గౌరవం వల్లే అతను సొంతింట్లో చుట్టంలా తయారయ్యాడు. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా అడిగి తెలుసుకోవాలి.

అతనిదంటూ ఉన్న పని ఆ మిషన్ ఒక్కటే. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసి రాగానే, కామారెడ్డి నుంచి బస్సులో తెచ్చుకున్న కాఫీ పొడిని జల్లెడ కప్పులో నింపి, అదిమి, పిడి బిగించి, స్విచ్చి వేసేవాడు. బుస్సుమన్న చప్పుడుతో నాలుగు గుక్కల నల్లటి కాఫీ దిగేది, పైన తేనె రంగు నురగతో. పక్కింటి భూదవ్వ బీడీల చాట చంకన పెట్టుకుని ఆ వేళకు తప్పకుండా వచ్చేది.

"మందు లెక్క చేదున్నది గని అబ్బాసన్నా, తలకాయ మంచిగ పనిచేస్తది" అనేది. అబ్బాస్ మీసాల్లో నవ్వుకునేవాడు. ఆ నవ్వు చూస్తే అన్వరికి కడుపు నిండిపోయేది.

నాలుగు నెలలు గడిచేసరికి మిషన్ మూలగడం మొదలుపెట్టింది. ధార సన్నబడి, చుక్కలై, చివరికి అదీ ఆగింది. అబ్బాస్ విప్పి చూస్తే లోపలి ఇత్తడి గిన్నె గోడలకు తెల్లటి పెచ్చు, గోరంత మందాన.

"మన బోరు నీళ్ల సున్నం గిదంత" అన్నాడు నీరసంగా. "ఆడ నీళ్లు డబ్బాలల్ల వచ్చేటివి. గిట్ల పేరుకుంటదని నాకేమెరుక?"

కష్టం ఒంటరిగా రాదన్నట్టు, అదే వారం దమ్మామ్ నుంచి ఉత్తరం వచ్చింది. "సాబు మళ్ల రమ్మంటున్నడు, ఇంక రెండేండ్లు" అని ఒక్క ముక్క చెప్పి, అబ్బాస్ దాన్ని జేబులో పెట్టుకున్నాడు. వెళతానని అనలేదు, వెళ్లనని కూడా అనలేదు. ఆగిపోయిన మిషన్ వంక చూస్తూ కూర్చునేవాడు. ఇది నడవకపోతే ఈ మనిషి విమానం ఎక్కడం ఖాయమని అన్వరికి తోచింది.

బస్టాండు దగ్గర స్టవ్‌లు బాగుచేసే గఫూర్‌ను పిలిపించింది. "స్టవ్ అయితే కండ్లు మూసుకొని చేస్త భాభీ. గిదేందో విమానం లెక్కున్నది" అంటూనే అతను స్టవ్ పిన్ను తీసి, దొరికిన రంధ్రమల్లా పొడిచాడు. దారప్పోగంత నీళ్లు వచ్చి మళ్లీ ఆగాయి.

అన్వరి అంతటితో ఊరుకోలేదు. నీళ్లు కాచే రాగి గుండిగకు పట్టిన తెల్ల పొరను ఆమె ఏళ్ల తరబడి చింతపండుతోనే వదిలిస్తోంది. గుండిగకు పనిచేసింది దీనికెందుకు పనిచేయదు? మర్నాడు మధ్యాహ్నం అబ్బాస్ జోహర్ నమాజుకు వెళ్లిన సందు చూసి, పిడికెడు చింతపండు నానబెట్టి, చిక్కగా పిసికి, ఆ పులుసు మిషన్ తొట్టిలో పోసి స్విచ్చి వేసింది. మిషన్ గుర్రుమంది, దగ్గింది, పూర్తిగా నోరు మూసుకుంది. గుజ్జూ పీచూ వెళ్లి సందుసందులో ఇరుక్కున్నాయి. కొన ఊపిరితో ఉన్నదాన్ని తన చేతులతోనే చంపేశానని అన్వరి నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది.

అబ్బాస్ గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చాడు. "చారు కాస్తున్నవా ఏంది?"

ఏడుస్తూ అంతా చెప్పింది. అతను మిషన్‌ను చూశాడు, ఆమెను చూశాడు, పడీపడీ నవ్వాడు. వారం రోజుల్లో అతను నవ్వడం అదే మొదటిసారి. మరలు విప్పడానికి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ 'మీరు కూసోండ్రి' అనబోయి అన్వరి నాలిక కరుచుకుంది.

"నేనేం పట్టుకోవాలె?" అని అడిగింది.

ఇద్దరూ కలిసి సాయంత్రం దాకా పీచు ఏరారు. సంగతి తెలుసుకుందామని వచ్చిన గఫూర్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. "పులుపు మంచిదే భాభీ, పీచుతోనే తిప్పలు. సోడా బండోళ్లు షర్బత్‌ల వేస్తరు సూడు, నిమ్మ ఉప్పు, గది తెచ్చుకోండ్రి. నీళ్లల్ల కరిగిపోతది."

మర్నాడు పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టి తొట్టిలో పోశారు. కొంచెం లోపలికి లాగించి, స్విచ్చి ఆపి, అన్నం ఉడికినంత సేపు ఆగారు. మళ్లీ వేస్తే మొదట దగ్గు వచ్చింది, తర్వాత మజ్జిగలాంటి నీళ్లు, వాటి వెంట తెల్లటి పెచ్చులు. జల్లెడను కూడా అవే నీళ్లలో నానబెట్టి పాత బ్రష్షుతో తోమాడు అబ్బాస్. ఆ తర్వాత మంచినీళ్లతో ఐదుసార్లు కడిగారు. పులుపు పోయిందో లేదో నాలికతో చూసి చెప్పే పని అన్వరిది. ఇకమీదట కాచి తేర్చిన నీళ్లే పోయాలని, నెలకో శుక్రవారం, జుమ్మా నాడు నిమ్మ ఉప్పు పెట్టాలని ఇద్దరూ అనుకున్నారు.

మొదటి కప్పు అబ్బాస్ ఆమెకే ఇచ్చాడు. రాయడం రాని ఆమెకు పదకొండేళ్లూ ఉత్తరాలు ఇరుగుపొరుగు పిల్లలే రాసిపెట్టారు. మేం బాగున్నాం, మీ ఆరోగ్యం జాగ్రత్త, అంతే. మనసులో మాట పరాయి చేత రాయించడానికి ఆమెకు సిగ్గు. ఈరోజు మధ్యలో ఎవరూ లేరు.

"మీరు పోవద్దు" అంది. "గీ మిషను మళ్ల ఖరాబైనా సరే, పోవద్దు."

"పోను" అన్నాడు అబ్బాస్. "గీ మాట ఒక్క ఉత్తరంల రాపించినా, ఎన్నడో వచ్చేటోన్ని అన్వరీ."

ఆమెకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "మరి మీరన్న ఒక్కపారి 'రావాల్నా' అని అడగకపోతిరి?" అంది.

అబ్బాస్ లేచి ఇంకో కప్పు పెట్టాడు.